మెస్సు వంటగదిలో చేతుల శుభ్రత: బెంగళూరు తెలుగు మెస్సులు, పీజీలు, క్యాటరర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ బెంగళూరులో మెస్సులు, పీజీలు, టిఫిన్ సెంటర్లు, క్యాటరింగ్ నడిపే తెలుగువాళ్ల కోసం, వాళ్ల దగ్గర పనిచేసే మాస్టర్లు, సప్లయర్లు, క్లీనర్ల కోసం. రోజూ అక్కడ తినేవాళ్లకూ పనికొస్తుంది. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు వంటగదుల్లో శిక్షణ ఇచ్చేటప్పుడు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోయింది, కొన్నిటికి వివరంగా రాయక తప్పలేదు.

చేతులు కడుక్కోవాలని ఎవరికి తెలియదు? దానికి మళ్లీ అవగాహన ఎందుకు?

తెలియక కాదు. ఏ మాస్టర్‌ని అడిగినా బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక కడగాలి, మాంసం కోశాక కడగాలి అని తడుముకోకుండా చెప్తాడు. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకు హాలు నిండా జనం ఆకుల ముందు కూర్చుని, కౌంటర్ నుంచి "అన్నం, అన్నం" అని కేకలు పడుతున్నప్పుడు ఆయనే కడగడు. ఎందుకు కడగడో తెలియాలంటే ఆ టైములో ఆ వంటగదిలో నిలబడి చూడాలి. సింక్ ఒకటే. అందులో పప్పు గుండిగ నానుతూ ఉంటుంది. చేతుల కోసమని పెట్టిన చిన్న బేసిన్‌కి ఉల్లిపాయల బస్తా ఆనించి ఉంటుంది. సబ్బు అరిగి అరిగి బిళ్లంత మిగిలి గోడకి అతుక్కుపోయి ఉంటుంది. ఇక తుడుచుకోవడానికి భుజం మీద తుండుగుడ్డ. పొద్దుట్నుంచి ఆ గుడ్డతోనే చెమట తుడుచుకున్నాడు, వేడి గిన్నెలు దించాడు, గట్టు తుడిచాడు. చేతులు శుభ్రంగా కడిగి దానికే తుడుచుకుంటే కడగనట్టే లెక్క.

అందుకే నేను మొదట మాట్లాడేది ఓనర్‌తో, ఆ తర్వాతే పనివాళ్లతో. చెయ్యి కడుక్కునేది పనివాడే, కానీ కడుక్కునే వీలు కల్పించాల్సింది ఓనర్. పొయ్యికి నాలుగడుగుల దూరంలో, చేతులకే కేటాయించిన కుళాయి, సబ్బు, తుడుచుకోవడానికి పేపర్ టవల్ ఉన్న వంటగదుల్లో నేను పెద్దగా ఉపన్యాసం చెప్పాల్సిన పని పడలేదు. అవి లేనిచోట ఎంత చెప్పినా వారం తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తుంది.

ఏ ఏ సమయాల్లో తప్పకుండా కడగాలి?

పనిలోకి రాగానే, బాత్రూమ్ నుంచి వచ్చాక, పచ్చి చికెన్, మటన్, చేప, గుడ్లు ముట్టుకున్నాక, చెత్తబుట్ట తీశాక, తిన్నాక, బీడీ సిగరెట్ తాగాక. ఇవి అందరికీ తెలిసినవే, పెద్దగా వివరం అక్కర్లేదు.

జనం లెక్కలోకి తీసుకోనివే అసలు సమస్య. మొదటిది ఫోన్. ఇప్పుడు ప్రతి వంటగదిలో ఆన్‌లైన్ ఆర్డర్ల కోసం ఒక ఫోన్ గట్టు మీదే ఉంటుంది. అది మోగుతుంది, చికెన్ కోస్తున్నతను ఆ చేత్తోనే ఆర్డర్ నొక్కుతాడు, తర్వాత పార్సిల్ కట్టే కుర్రాడు అదే ఫోన్ పట్టుకుంటాడు. చికెన్ ముట్టుకున్నవాడు చెయ్యి కడిగినా ఫోన్ కడగడు కదా. వంటగదిలో ఆర్డర్లు చూసే పని ఒక్కరికే అప్పగించండి, ఆ ఒక్కరు పచ్చి మాంసం జోలికి పోకుండా చూడండి.

రెండోది ముక్కు, ముఖం, జుట్టు. ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరి ముక్కులో స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుంది. ఆ మనిషికి అదేమీ చేయదు. పొయ్యి సెగకి ముఖం తుడుచుకుని అదే చేత్తో పెరుగన్నమో పులిహోరో కలిపితే మాత్రం ఆహారంలోకి చేరి, వెచ్చగా ఉంటే పెరిగి, విషాన్ని వదులుతుంది. ఆ విషం తర్వాత ఎంత మరిగించినా పోదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి.

మూడోది డబ్బు. క్యూఆర్ కోడ్ వచ్చాక నోట్లు తగ్గాయి గానీ పోలేదు. గల్లాలో కూర్చునే మనిషి లేచి వచ్చి వడలు ఎత్తి ప్లేట్లో పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మాన్పించండి.

ఎంతసేపు కడగాలి? ఎలా?

సబ్బు రాసుకుని కనీసం 20 సెకన్లు రుద్దాలి. తడపడం దగ్గర నుంచి తుడుచుకోవడం దాకా మొత్తం కలిపితే 40 నుంచి 60 సెకన్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అరచేతులు అందరూ రుద్దుతారు. బొటనవేలి చుట్టూ, వేళ్ల సందులు, గోళ్ల కింద, చేతి వెనక భాగం మిగిలిపోతాయి.

ఇది మాటల్లో చెప్తే ఎక్కదు. నేను చేయించే పని ఒకటుంది, మీరూ చేయించండి. కాస్త వంటనూనెలో దాల్చినచెక్క పొడి కలిపి అందరి చేతులకూ ముందూ వెనకా రాయండి. కళ్లు మూసుకుని రోజూ కడిగినట్టే కడగమనండి. కళ్లు తెరిచి చూసుకుంటే అరచేయి తెల్లగా ఉంటుంది, గోళ్ల అంచుల్లో, బొటనవేలి మడతలో గోధుమరంగు పొడి అలాగే ఉంటుంది. వట్టి నీళ్లతో కడిగినవాడి చేయి మీద జిడ్డు కదలనే కదలదు. ఇంతకు ముందు "మేం ఇరవై ఏళ్ల నుంచి వండుతున్నాం సార్" అన్న మాస్టర్లు కూడా తమ చేతిని తామే తిప్పి తిప్పి చూసుకుంటారు, మళ్లీ వెళ్లి సబ్బు తీసుకుంటారు. వేడినీళ్లే కావాలని లేదు, మామూలు నీళ్లు చాలు. పని చేసేది సబ్బు, రుద్దడం.

సబ్బు బిళ్లా, లిక్విడా అని చాలామంది అడుగుతారు. ఏదైనా పర్వాలేదు. లిక్విడ్ అయిపోవస్తుంటే నీళ్లు పోసి పలచన చేయడం, సగం ఖాళీ అయిన సీసాలోనే కొత్తది కలిపేయడం మాత్రం వద్దు. పలచబడిన సబ్బులో బ్యాక్టీరియా పెరుగుతుంది. సీసా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి నింపాలి.

శానిటైజర్ పెడితే సరిపోదా?

వంటగదిలో సరిపోదు. కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ శుభ్రంగా ఉన్న చేతి మీద బాగానే పనిచేస్తుంది. మన వంటగదిలో చేతికి నూనె, మసాలా, రక్తం, పిండి ఏదో ఒకటి అంటుకునే ఉంటుంది. దాని కిందికి ఆల్కహాల్ సరిగా వెళ్లదు. పైగా వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద అది అంతగా పనిచేయదు. ఇంకో ప్రమాదం, అది మండే ద్రవం. పొయ్యి దగ్గర అసలు పెట్టకండి. కౌంటర్ దగ్గర, డెలివరీ బాయ్స్ నిలబడేచోట పెట్టండి, అక్కడ అది మంచిదే.

గ్లవ్స్ కొనిచ్చాం. ఇక చేతుల గొడవ ఉండదు కదా?

ఉంటుంది. గ్లవ్స్ వేసుకున్నవాడికి చెయ్యి మురికైన సంగతి చర్మానికి తెలియదు. జిగట తగలదు, తడి తగలదు, అందుకే కడగాలని అనిపించదు. పొద్దున వేసుకున్న జతతోనే చికెన్ ముట్టుకుని, ఫ్రిజ్ తలుపు తీసి, దోసె మీద కారం చల్లేవాళ్లను చాలాచోట్ల చూశాను. గ్లవ్స్ వేసుకునే ముందు చేతులు కడగాలి, పని మారినప్పుడల్లా కొత్త జత వేసుకోవాలి, చిరిగితే వెంటనే పారేయాలి. అలా మార్చేన్ని జతలు కొనలేమనుకుంటే, శుభ్రంగా కడిగిన ఒట్టి చేతులు, గరిటెలు, పటకార్లు మేలు. చేతి మీద తెగిన గాయం ఉంటే మాత్రం వాటర్‌ప్రూఫ్ పట్టీ, దాని మీద గ్లవ్ తప్పనిసరి.

పొయ్యి పక్కన పలచటి ప్లాస్టిక్ గ్లవ్స్ వేయించకండి. కరిగి చేతికి అంటుకుంటాయి.

నీళ్లు రాని రోజు ఏం చేయాలి? తాగడానికే లేకపోతే చేతులకెక్కడి నుంచి తేవాలి?

2024 వేసవి గుర్తుండే ఉంటుంది. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ కోసం రోజులు కాచుకుని, కొన్ని హోటళ్లు పేపర్ ప్లేట్లకు మారాయి. అప్పుడే జలమండలి వాణిజ్య సంస్థల కుళాయిలకు ఏరేటర్లు పెట్టాలని చెప్పింది. కుళాయి మూతికి బిగించే ఆ చిన్న జల్లెడ ముక్క ధారలో గాలి కలిపి నీటి వాడకాన్ని బాగా తగ్గిస్తుంది. చేతులు కడిగే కుళాయికి అది చాలా మంచిది, ఇప్పటికీ లేకపోతే పెట్టించండి.

నీళ్లు కరువైన రోజుల్లో మొదట కోత పడేది చేతులు కడిగే నీళ్లకే. ఎందుకంటే గిన్నెలు కడక్కపోతే కనిపిస్తుంది, చేతులు కడక్కపోతే కనిపించదు. అందుకని ఆ నీళ్లను ముందే పక్కన పెట్టేయాలి. కింద కుళాయి ఉన్న 20 లీటర్ల క్యాన్ ఒకటి స్టూల్ మీద, కింద బకెట్, పక్కన సబ్బు. దాని మీద చేతులకు మాత్రమే అని రాయండి. తడుపుకుని కుళాయి కట్టేసి, సబ్బు రుద్దుకున్నాక మళ్లీ తిప్పితే మనిషికి చాలా తక్కువ నీళ్లతో అయిపోతుంది. కింద బకెట్లో చేరిన నీళ్లు బయట నేల కడగడానికి వాడుకోండి. ఒకే బేసిన్‌లో నీళ్లు పోసి అందరూ అందులోనే ముంచి తీయడం మాత్రం వద్దు. మొదటివాడి చేతి మురికి చివరివాడి చేతికి చేరుతుంది.

ట్యాంకర్ నీళ్లు సంపులో పడ్డాక ఒకసారి క్లోరిన్ చూడండి. తాగే నీటిలో కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల ఫ్రీ క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం. చుక్కలు వేసి రంగు చూసుకునే చిన్న కిట్లు దొరుకుతాయి, ఎవరైనా నేర్చుకోవచ్చు.

మా మాస్టర్‌కి విరేచనాలు. శనివారం బుకింగ్ ఉంది. పని చేయించుకోవచ్చా?

చేయించుకోకూడదు. విరేచనాలు, వాంతులు ఉన్న మనిషి అవి పూర్తిగా ఆగిన తర్వాత ఇంకో 48 గంటల వరకు ఆహారం ముట్టుకోకూడదు. ఒంట్లో బాగైనట్టు అనిపించినా మలంలో సూక్ష్మజీవులు వెళ్తూనే ఉంటాయి. చీము పట్టిన గాయం, కళ్లు పచ్చబడటం, విడవని జ్వరం ఉన్నా వంటగదికి దూరంగా ఉంచాలి. కామెర్లు తెచ్చే ‘హెపటైటిస్-ఎ’తో ఇంకో చిక్కుంది. కళ్లు పచ్చబడటానికి వారం రెండు వారాల ముందు నుంచే ఆ మనిషి నుంచి వైరస్ ఎక్కువగా వ్యాపిస్తుంది. అంటే జబ్బు బయటపడే సరికే కొన్ని వందల భోజనాలు వడ్డించి ఉంటాడు. జబ్బు కనిపించనప్పుడు కూడా చేతులు కడగాలని అంత గట్టిగా చెప్పేది ఇందుకే.

టైఫాయిడ్ సంగతి ఇంకా లోతైనది. తగ్గాక కూడా కొద్దిమందిలో ఆ బ్యాక్టీరియా పిత్తాశయంలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వాళ్లకు ఏ బాధా ఉండదు. 1900ల మొదట్లో న్యూయార్క్‌లో మేరీ మలన్ అనే వంటామె ఇలాగే పనిచేసిన ఇళ్లలో టైఫాయిడ్ వ్యాపించింది. 1907లో ఆమెను పట్టుకుని ఒక దీవిలో విడిగా ఉంచారు. ఇక వంట చేయనని మాటిచ్చాక 1910లో వదిలారు. బట్టలుతికే పనిలో వంటపనికి వచ్చినంత జీతం రాలేదు. పేరు మార్చుకుని మళ్లీ వంటకు చేరింది, 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో టైఫాయిడ్ వస్తే అక్కడి వంటామె ఆమేనని తేలింది. 1938లో చనిపోయేదాకా మళ్లీ ఆ దీవిలోనే ఉంచేశారు. ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ ఆమెనే తప్పుపడతారు. నాకు మాత్రం ఆ జీతం దగ్గరే మనసు ఆగుతుంది. జబ్బు దాచుకోవడం ఆమె బతుకుదెరువైపోయింది.

మన మెస్సుల్లోనూ అంతే. ఒడిశా నుంచో మదనపల్లె నుంచో వచ్చి రోజు కూలికి పనిచేసే కుర్రాడు, మోషన్స్ అవుతున్నాయని చెప్తే ఆ రోజు డబ్బులు పోతాయి. చెప్పకపోతే పోవు. మీరతని స్థానంలో ఉంటే చెప్తారా? కాబట్టి జబ్బు సెలవుకి జీతం కోయకండి. కనీసం విరేచనాలు, వాంతులు, జ్వరం ఈ మూడిటికైనా కోయమని అందరి ముందూ చెప్పండి, మొదటిసారి ఎవరైనా వచ్చి చెప్పినప్పుడు మాట నిలబెట్టుకోండి. ఆ ఒక్కసారి చూసి మిగతావాళ్లు నమ్ముతారు. మరీ మనిషి లేకపోతే అతన్ని ఆహారం, గిన్నెలు, గ్లాసులు తగలని పనికి, స్టోర్ లెక్కలకో ఫోన్ ఆర్డర్లకో పెట్టండి, అది కూడా అతనికి ఓపిక ఉంటేనే, వాంతులు విరేచనాలు ఆగాకే. టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లను డాక్టర్ పరీక్షలు చేసి సరే అన్నాకే వంటకు తీసుకోండి.

మధ్యాహ్నం మిగిలిన అన్నం రాత్రికి వాడితే తప్పేంటి? వేడి చేస్తాం కదా?

తప్పు వేడి చేయకపోవడంలో లేదు, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా అది ఎక్కడ కూర్చుందన్న దాంట్లో ఉంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. పెద్ద గుండిగలో మూతపెట్టిన అన్నం మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, ఆ వెచ్చదనంలో అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం వేడికి పోదు. రాత్రి దాన్ని ఫ్రైడ్ రైస్ చేసినా, పులిహోర తాలింపు వేసినా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. వాసన, రుచి చూసి పట్టుకోలేం.

వేడిగా వడ్డించేది 60 డిగ్రీల పైన ఉండాలి, చల్లగా దాచేది 5 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో ఉండే సమయాన్ని వీలైనంత తగ్గించాలి. మిగిలిన అన్నం దాచాలనుకుంటే వెంటనే వెడల్పాటి ట్రేల్లో రెండంగుళాల మందాన పరిచి, ఫ్యాన్ కింద ఆవిరి పోగొట్టి, ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు గంటల్లో 21 డిగ్రీలకు, ఆపై నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దిగాలి. తిరిగి వేడి చేస్తే లోపల కూడా 75 డిగ్రీలు దాటాలి. సూదిలా గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి కొనండి. నా ఉద్దేశంలో వంటగదిలో కత్తి తర్వాత అంత అవసరమైన వస్తువు అదే.

పీజీల్లో ఇది ఇంకా జాగ్రత్తగా చూడాలి. రాత్రి షిఫ్టు నుంచి వచ్చే పిల్లల కోసమని తొమ్మిదింటికి వండిన అన్నం, కూర టేబుల్ మీద హాట్‌బాక్స్‌లో అర్ధరాత్రి దాకా వదిలేస్తారు. మనసు మంచిదే, పద్ధతి మార్చాలి. వాళ్ల భాగం ముందే తీసి చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టి, పక్కన మైక్రోవేవ్ పెట్టండి.

చికెన్ కడగకూడదని వీడియోల్లో చెప్తున్నారు. నిజమా?

కుళాయి కింద పెట్టి కడిగితే నీటి తుంపరలతో బ్యాక్టీరియా గట్టంతా, పక్కనున్న కొత్తిమీర దాకా పడుతుంది. అందుకే కొన్ని దేశాల్లో అసలు కడగొద్దంటారు. అక్కడ ప్యాక్ చేసి వచ్చే మాంసం వేరు, మన దగ్గర కొట్లో అప్పటికప్పుడు కోసి ఈకముక్కలు, రక్తంతో వచ్చేది వేరు. కడగక తప్పదనుకుంటే లోతైన గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, ఆ నీళ్లు చిందకుండా పారబోసి, సింక్, గిన్నె, గట్టు సబ్బుతో కడిగి, చివర చేతులు కడగండి. కూరగాయలు తరిగే పలక వేరు, మాంసం పలక వేరు. ఈ విషయంలో రాజీ లేదు.

మెస్సులో అన్నీ బకెట్లు, గరిటెలతోనే వడ్డిస్తాం. అక్కడేం జాగ్రత్త?

అప్పడం, వడ, అరటిపండు, ఉప్పు. ఇవి చేత్తో వేస్తారు. పటకారు, చెంచా పెట్టండి. నీళ్ల గ్లాసులు లోపలికి వేళ్లు పెట్టి నాలుగైదు ఒకేసారి ఎత్తే అలవాటు మాన్పించండి, అడుగు పట్టుకుని ట్రేలో తేవాలి. ఆవకాయ, కందిపొడి గిన్నెలు టేబుల్ మీదే ఉంటే తినేవాళ్లు ఎంగిలి చేత్తో చెంచా పట్టుకుంటారు. మనలో ఎంగిలి పట్టింపు ఎక్కువే గానీ ఆకలి మీద గుర్తుండదు. సప్లయరే వచ్చి వేయడం మంచిది.

ఇంకో సంగతి. మనం చేత్తో కలుపుకుని తినేవాళ్లం. కస్టమర్ చేతులు కూడా ఇందులో భాగమే. తిన్నాక కడుక్కోవడానికి అందరూ లేస్తారు, తినే ముందు లేచేవాళ్లు తక్కువ. వాష్‌బేసిన్ హాలు చివర బాత్రూమ్ పక్కన కాకుండా లోపలికి వచ్చే దారిలో ఉంటే, అక్కడ సబ్బు ఉంటే, చాలామంది కడుక్కునే కూర్చుంటారు. కొత్తగా మెస్సు పెట్టేవాళ్లు ప్లంబింగ్ వేసేటప్పుడే దీని గురించి ఆలోచించండి.

పార్సిళ్ల విషయంలో?

కవర్ తెరుచుకోకపోతే నోటితో ఊదడం, వేలు నాలుకకి తడి చేసుకోవడం. ఈ రెండూ మాన్పించగలిగితే పార్సిల్ దగ్గర సగం పని అయినట్టే. వేలు తడుపుకోవడానికి బ్యాంకుల్లో వాడే స్పాంజి లాంటిది, శుభ్రమైన నీళ్లతో రోజూ మార్చేది, కౌంటర్ మీద పెట్టండి. న్యూస్‌పేపర్‌లో బజ్జీలు, వడలు చుట్టొద్దు, సిరాలోని రసాయనాలు నూనెతో పాటు తిండిలోకి వస్తాయి. ఇడ్లీ పాత్రలో గుడ్డకు బదులు ప్లాస్టిక్ షీటు వేయడాన్ని 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం నిషేధించింది. అంతకు ముందు ఏడాది గోబీ మంచూరియాలో, ఆ తర్వాత చికెన్, చేప కబాబుల్లో కృత్రిమ రంగులు వాడొద్దని ఆదేశాలిచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకి మయోనైజ్ సంగతి తెలిసే ఉంటుంది. 2024 అక్టోబరులో తెలంగాణ, 2025 ఏప్రిల్‌లో తమిళనాడు పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించాయి. మీ మెనూలో ఉంటే గుడ్డు లేనిదే వాడండి.

చట్టం ఏమంటుంది? ఏ కాగితాలు ఉండాలి?

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద చిన్న తోపుడు బండి నుంచి పెద్ద హోటల్ దాకా అందరికీ ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషనో లైసెన్సో ఉండాలి. ఆ 14 అంకెల నంబరు గోడ మీద, బిల్లు మీద కనిపించాలి. 2011 నిబంధనల్లోని నాలుగో షెడ్యూల్‌లో చేతులు కడిగే సౌకర్యం, గోళ్లు, గాయాలు, జబ్బు మనుషుల గురించి వివరంగా ఉంది. వంటగదిలో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలి, టైఫాయిడ్ లాంటివాటికి టీకా వేయించాలి. ప్రతి 25 మంది పనివాళ్లకు శిక్షణ పొందిన ఒక సూపర్‌వైజర్ ఉండాలన్నది ఫాస్టాక్ అనే ఎఫ్ఎస్ఎస్ఏఐ శిక్షణ కార్యక్రమం ఉద్దేశం. అపరిశుభ్రంగా వండితే లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు.

డబ్బులిచ్చి మనిషిని చూడకుండానే తెచ్చుకునే మెడికల్ సర్టిఫికెట్ ఎవరినీ కాపాడదు. దయచేసి నిజంగా పరీక్ష చేయించండి.

మా పనివాళ్లలో తెలుగు, కన్నడ, ఒడియా, బెంగాలీ, నేపాలీ అందరూ ఉన్నారు. పోస్టర్ ఏ భాషలో పెట్టాలి?

బొమ్మల్లో పెట్టండి. చాలామంది చదవలేరు, చదవగలిగినవాళ్లు కూడా మూడో రోజు నుంచి చూడరు. పోస్టర్ కంటే వారానికోసారి పది నిమిషాలు మాట్లాడటం ఎక్కువ పనిచేస్తుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, టీ తాగే టైములో పెట్టుకోండి. ఒక వారం ఒక్క విషయమే. ఈ వారం ఫోన్, వచ్చే వారం అన్నం చల్లార్చడం, ఆపై వారం గ్లాసులు పట్టుకోవడం. ఓనర్ చెప్పడం కాకుండా వాళ్లలో సీనియర్ ఒకరితో వాళ్ల భాషలో చెప్పించండి. "ఈ పనికి ఏం అడ్డమొస్తోంది?" అని అడగండి. సబ్బు అయిపోయిందనో, కుళాయి బిగుసుకుపోయిందనో, చేతులు పగిలిపోయి సబ్బు తగిలితే మంటగా ఉందనో చెప్తారు. చేతులు పగిలితే కడగడం మానేస్తారు, అది సహజం. పని అయిపోయాక రాసుకోవడానికి కొబ్బరినూనో వాసలీనో ఇవ్వండి.

అందరి ముందూ తిట్టకండి. తిట్టు తిన్నవాడు మీరు చూస్తున్నప్పుడే కడుగుతాడు. జూన్ 7న ప్రపంచ ఆహార భద్రతా దినం, అక్టోబరు 15న ప్రపంచ చేతులు కడిగే దినం వస్తాయి. ఆ రోజుల్లో దాల్చినచెక్క పరీక్ష పెట్టి, బాగా కడిగినవాళ్లకు చిన్న బహుమతి ఇవ్వొచ్చు. ఓనర్ కూడా అందరి మధ్యా చేతులు చాచి పరీక్షలో కూర్చుంటే పిల్లలకు ఎంత ఉత్సాహమో.

కస్టమర్‌గా నాకు తేడా కనిపిస్తే గొడవ లేకుండా ఎలా చెప్పాలి?

పదిమందిలో కాకుండా బిల్లు కట్టేటప్పుడు పక్కకి పిలిచి చెప్పండి. "అన్నా, బేసిన్ దగ్గర సబ్బు అయిపోయింది, చూడు" అంటే ఎవరికీ కోపం రాదు. "మీ హోటల్ ఇంత గలీజా" అంటే సబ్బు రాదు, గొడవ వస్తుంది. రెండు మూడుసార్లు చెప్పినా మారకపోతే, లేదా తిని జబ్బు పడితే, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు, తిన్న టైము, లక్షణాలు మొదలైన టైము రాసి పెట్టుకోండి. మీతో పాటు తిన్నవాళ్లకూ వచ్చిందేమో కనుక్కోండి. చివర తిన్నదే కారణమని వెంటనే నిర్ధారించుకోకండి, కొన్ని జబ్బులు గంటల్లో, కొన్ని రోజుల తర్వాత, టైఫాయిడ్ అయితే వారం నుంచి మూడు వారాల్లో బయటపడతాయి. విరేచనాలకు ఓఆర్ఎస్ తాగుతూ ఉండండి. రక్తం పడినా, మూత్రం తగ్గినా, జ్వరం ఎక్కువైనా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పెళ్లిళ్లకు కల్యాణ మండపాల్లో వండుతాం. అక్కడ ఏ సౌకర్యం ఉంటుందో ముందు తెలియదు.

ముందు రోజే వెళ్లి కుళాయి, డ్రైనేజీ, బాత్రూమ్ చూసి రండి. ఉన్నా లేకపోయినా మీ సొంత కుళాయి క్యాన్లు, సబ్బు, పేపర్ టవల్స్ సామాను లిస్టులో ఉప్పు పప్పు పక్కనే రాసుకోండి. రోజు కూలికి వచ్చే వడ్డన పిల్లలు చివరి నిమిషంలో దిగుతారు, వాళ్లకి ఐదు నిమిషాలు కేటాయించి చేతులు కడిగించాకే బకెట్లు ఇవ్వండి. ముహూర్తం ఆలస్యమైతే పెరుగువడ, పాయసం, కోసిన పండ్లు బయట గంటలు కూర్చుంటాయి. వాటిని ఐస్ మీద పెట్టండి, లేదా వడ్డనకి కాస్త ముందే కలపండి.

ఉంగరాలు, చేతి దారాలు, గోరింటాకు?

గోరింటాకు పండి ఆరిపోయాక ఇబ్బంది లేదు. రాళ్ల ఉంగరాల కింద పిండి, మాంసం ఇరుక్కుంటాయి, పని వేళ తీసి పెట్టమనండి. పెయింట్ వేసిన గోళ్లు పెచ్చులూడి తిండిలో పడతాయి, వద్దు. గుడిలో కట్టిన దారం తీయమంటే చాలామంది బాధపడతారు, ఆ బాధ న్యాయమైనదే. తడిసిన దారం త్వరగా ఆరదు, మురికి పట్టి ఉంటుంది కాబట్టి మోచేతి పైకి జరిపి కట్టుకోమనండి. మెడలోనో దండకో కట్టుకుంటామని వాళ్లే చెప్తారు, ఒప్పుకోండి.